బల్ల అంచున కాలిన మచ్చలు

బుడమేరు పొంగి బెజవాడ సింగ్‌నగర్ మునిగిన ఏడాది అది. గోపాలరావు ఇంట్లోకీ నీళ్లొచ్చాయి. ములింగార్ ఆసుపత్రిలో డాక్టరుగా ఉన్న కూతురు లోహిత, ఇల్లు ఆరేదాకా మా దగ్గరుండండంటూ తల్లినీ తండ్రినీ ఐర్లండ్ తీసుకెళ్లింది.

అక్కడ ఎండ లేదు, పేకాట లేదు, కూర్చోడానికి అరుగు లేదు. ఉన్నదల్లా భార్య నాగరత్నం. ఆవిడ రోజూ ఆయన ముందు వెల్లుల్లిపాయలు గుమ్మరించేది.

"ఆర్టీసీ డిపోలో బస్సింజన్లు విప్పిన చేతులే ఇవి," అనేవాడు గోపాలరావు.

"విప్పారుగా. ఇవీ విప్పండి," అనేది నాగరత్నం.

తప్పించుకునే దారి పక్కింట్లో దొరికింది. పక్కింటి నోరీన్ భర్త టామీ పబ్బు నడుపుతూ నిరుడు పోయాడు. పబ్బు మూతపడ్డాక అందులోని పూల్ బల్ల, కర్రతో బంతుల్ని గోతుల్లోకి కొట్టి ఆడేది, ఆవిడ గరాజుకి చేరింది. కాసు వేస్తేగానీ బంతులు వదలని రకం. ఇప్పుడు కాసు వేసినా వదలడం లేదు. వచ్చే నెల టామీ సంవత్సరీకం. చర్చి నుంచి జనం ఇంటికొస్తారు. వాళ్లంతా ఆయన బల్ల మీద ఒక ఆట ఆడాలని ఆవిడ కోరిక.

"టామీకి సంవత్సరీకమా? ఈ దేశంలో కుక్కలక్కూడా చేస్తారా?" అంది నాగరత్నం. సంగతి తెలిశాక లెంపలేసుకుంది.

గోపాలరావు గరాజుకెళ్లి బల్ల కింద దూరాడు. తల తగిలించుకున్నాడు. ఫోన్లో చూసిన వీడియోలన్నీ కలిపి, వెంట వచ్చిన భార్యకి తేల్చి చెప్పాడు.

"ఈ కాసు సందు చూశావా? యూరో వేస్తే వదులు. చేపబొమ్మ ఉన్న పాత పది పెన్నీల బిళ్ల కోసం చేసింది. పైన బట్ట, కింద ఒకటే పలకరాయి. ఎనభైల్లో సరుకే!"

"ఇంట్లో నేను డెబ్భైల్లో సరుకుని. నన్నెప్పుడైనా ఇంత శ్రద్ధగా చూశారా?" అంది నాగరత్నం.

నోరీన్ ఏదో చెప్పింది. ఆ ఊరి ఇంగ్లీషు గోపాలరావుకి సగమే అందేది. మిగతా సగానికి తల ఊపేవాడు. ఆవిడ చివరి మాటకి రెండుసార్లు ఊపాడు.

కాసు పెట్టె విప్పితే తుప్పు పట్టిన స్ప్రింగు, ఎండిన చూయింగ్ గమ్ము, ఎవరిదో చొక్కా గుండీ బయటపడ్డాయి. స్ప్రింగు మార్చాడు, నూనె పోశాడు. టామీ దాచిన పాత బిళ్లల డబ్బాలోంచి ఒకటి వేసి నెట్టగానే బంతులు గడగడా దొర్లుకుంటూ వచ్చాయి. గోపాలరావుకి డిపోలో మొదటి బస్సు స్టార్టు చేసిన రోజు గుర్తొచ్చింది.

అందం కోసమని, కర్రతో కొట్టే తెల్లబంతిని కొత్తది కొన్నాడు. పాతది కాస్త చిన్నది. అందుకే గోతిలో పడినా వేరే దారిన దొర్లి బయటికొచ్చేది. కొత్తది మిగతావాటితో సమానం. పడింది, లోపలే ఉండిపోయింది.

"వెల్లుల్లి వలవమంటే గరాజులో దూరే మీలాగే ఉందే!" అంది నాగరత్నం.

పాత బంతి మళ్లీ పెట్టి అక్కడితో ఆగితే సరిపోయేది. ఆగలేదు. బల్ల చెక్క అంచు మీద సిగరెట్లు కాల్చిన నల్లమచ్చలు బోలెడున్నాయి. సంవత్సరీకమంటే మన వైపు ఇల్లు కడిగి సున్నం వేస్తారు, పాపం ఈ బల్లకి మసిమొహం ఏమిటనుకున్నాడు. ఉప్పుకాగితం పట్టి రుద్దాడు. వార్నిష్ పూశాడు. అంచు అద్దమైంది.

నోరీన్ వచ్చి అంచు మీద అరచెయ్యి ఆనించి ఈ కొస నుంచి ఆ కొసకి నడిచింది. మళ్లీ వెనక్కి నడిచింది. "గ్రాండ్," అంది. ఆయన కోసం తెచ్చిన టీ చేతిలోనే పట్టుకుని వెళ్లిపోయింది.

"ఏం చెరిపారు?" అంది గుమ్మంలోంచి చూస్తున్న నాగరత్నం.

"మురికి."

"మురికి కోసం ఎవరూ చేత్తో వెతకరండీ."

ఆ మాట గోపాలరావుని తిననివ్వలేదు. సంవత్సరీకం రోజు పొద్దున్నే దేవుడి దగ్గర అగరబత్తీలు తీసుకుని గరాజుకెళ్లాడు. వెలిగించి, అంచు మీద ఒక్కొక్క మచ్చా పెట్టసాగాడు. బస్సుకి సీటు నంబర్లు వేసినట్టు సమానంగా వచ్చాయి.

వెనక ఎవరో నవ్వారు. తిరిగి చూస్తే కిటికీ అవతల నాగరత్నం, పక్కన నోరీన్.

"మీరేదో ఒకటి చేస్తారని నిన్ననే చెప్పానావిడకి," అంది నాగరత్నం.

"టామీగారి మచ్చలు... మళ్లీ..." అని గోపాలరావు నీళ్లు నమిలాడు.

నోరీన్ లోపలికొచ్చింది. ఈసారి ఆయనకి అర్థమయ్యేలా మాటమాటా విడగొట్టి చెప్పింది. "టామీ జన్మలో సిగరెట్టు ముట్టలేదు. అవి నావి. నేను బంతి కొట్టేటప్పుడు అక్కడ పెట్టేదాన్ని. ఆయన తిట్టేవాడు. ఒక్కో మచ్చకీ ఒక్కో పోట్లాట. ఇంకేదీ ముట్టుకోవద్దని చెప్పానుగా? నువ్వు తల ఊపావు."

"మా ఇంట్లో అయితే అంచేం ఖర్మ, ఈపాటికి బల్లే మిగిలేది కాదమ్మా," అంది నాగరత్నం, తెలుగులోనే. నోరీన్‌కి అర్థమైనట్టే ఉంది. కళ్లు తుడుచుకుంటూ నవ్వింది.

మధ్యాహ్నం జనం వచ్చారు. బంతులు గడగడా దిగాయి. అందరూ గోపాలరావు వీపు తట్టారు. తట్టినప్పుడల్లా ఆయన ఇంకాస్త వంగిపోయాడు. నోరీన్ వంతు వచ్చింది. కొట్టబోతూ, ఏమీ లేని రెండు వేళ్లని అంచు మీద ఆనించి, ఎవరో తిడతారన్నట్టు వెనక్కి చూసింది. అది గోపాలరావు ఒక్కడే చూశాడు.

మర్నాడు పొద్దున నాగరత్నం పొయ్యి మీది ఉప్మా గిన్నె తెచ్చి లోహిత భోజనాల బల్ల మీద అలాగే పెట్టేసింది. గిన్నె ఎత్తేసరికి తెల్లటి గుండ్రటి మచ్చ.

"కళ్లున్నాయా నీకు? కింద గుడ్డ వెయ్యాలని తెలీదూ?" అని గోపాలరావు కేకలేశాడు.

"రుద్దండి. మీకు చేతనైన పనేగా!"

గోపాలరావు విసురుగా లేచి ఉప్పుకాగితం తెచ్చాడు. మచ్చ మీద చెయ్యి పెట్టాడు. ఇంకా వెచ్చగానే ఉంది. కాసేపు అలాగే ఉంచాడు. తర్వాత కాగితాన్ని మడిచి చెత్తబుట్టలో పడేసి, మచ్చ పక్కనే పళ్లెం పెట్టుకుని ఉప్మా తిన్నాడు.