అర నిమిషం ముందు

మా ఆవిడ సుజన నన్ను మోసం చేసింది. ఈ మాట ఆత్మకూరు బస్టాండులో నిలబడి చెప్పమన్నా చెబుతాను. ముందు మోసం చేసింది నువ్వు కాదా అని మీరు అడగొచ్చు. నేనే. కానీ నాది పది రోజులు వైర్లు లాగి, కష్టపడి చేసిన మోసం!

మా హాల్లో టీవీ మా అమ్మ మస్తానమ్మ సొత్తు. సీరియల్లో కోడళ్ల కష్టాలకు కన్నీళ్లు పెట్టుకునే ఆమెకు, సొంత కొడుకు క్రికెట్ కష్టం పట్టదు. అందుకే లోపలి గదిలో పాత కంప్యూటరుకు టీవీ కార్డు బిగించి, కేబుల్ కలిపి, అక్కడినుంచి వైఫైలో ఇల్లంతా బొమ్మ పారించాలని పూనుకున్నాను.

కంప్యూటర్‌ది విండోస్. మా అమ్మాయి అశ్విత ల్యాప్‌టాప్‌ది లినక్స్. సుజన ఫోను ఆండ్రాయిడ్. మూడింటికీ తోడికోడళ్లకున్నంత సఖ్యత. ఒకదాంట్లో బొమ్మ వస్తే మాట రాదు, ఇంకోదాంట్లో మాట వస్తే బొమ్మ రాదు. మూడోది రెండూ లేకుండా నన్నే చూసేది. చివరికి అన్నీ దారికొచ్చాయి.

మొదటి మ్యాచ్‌లోనే ఒక సంగతి కనిపెట్టాను. గదిలో నేను సిక్సర్ చూసిన అర నిమిషానికి గానీ వంటింట్లో సుజన కేక వినపడలేదు. కంప్యూటర్ బొమ్మను నమిలి, ముక్కలు చేసి ఫోనుకు పంపేసరికి అంత ఆలస్యం!

హెడ్‌ఫోన్ తగిలించుకుని కేకేశాను. "సుజనా! ఇప్పుడు వికెట్ పడతాది. పడితే బీరకాయలు నువ్వే తరుక్కో. పడకపోతే నేను తరుగుతా."

పడింది. బట్టలు మడతపెట్టడం ఫోరుతో తప్పింది, మేడ మీద ట్యాంకు కడగడం నోబాల్‌తో తప్పింది.

"ఏందయ్యా, నీ నాలిక మీద మచ్చ ఉండాదా?" అంటూ సుజన కాఫీ తెచ్చిచ్చి, కాసేపు నిలబడి చూసి వెళ్లింది.

అసలు గురి ఆదివారం మీద. జలదంకిలో ఆమె చెల్లెలి కూతురికి చెవులు కుట్టిస్తున్నారు. అక్కడ మా పినమామగారు సుబ్బన్న దొరికితే తన బోరుబావి ఎన్ని అడుగులు దిగిందో అడుగు అడుగుకూ చెబుతాడు. మరుసటి మ్యాచ్ రోజు పందెం వేశాను.

"ఐదు బంతులు. నేను గెలిస్తే జలదంకి రాను. ఓడితే రెండు రోజులు ముందే పోయి పందిరేస్తా."

"సరే. ఈసారి చెప్పేది నేను. కాదనేది నువ్వు" అంది వంటింట్లోంచి.

నవ్వొచ్చింది. అంతలోనే, "ఫోరు!" అంది. నా తెరమీద బౌలర్ ఇంకా పరిగెత్తుతున్నాడు.

"కాదు!" అన్నాను ధీమాగా. ఫోరు.

"అవుట్!" అంది. "కాదు!" అన్నాను. స్టంపు ఎగిరింది.

మూడోదీ, నాలుగోదీ అంతే. చెమటలు పట్టి వంటింటికి పరిగెత్తాను. స్టవ్ పక్కన ఆమె ఫోనులో నేను చూసేసిన నాలుగో బంతే ఇప్పుడు పడుతోంది! మరి ఈమెకెలా తెలిసింది?

జుట్టు పక్కకు తోసి చెవి చూపించింది. ఇయర్‌ఫోన్.

"మా తమ్ముడు రాజమోహన్ వైజాగ్ స్టేడియంలో ఉండాడు. చూసింది చూసినట్టు చెప్తా ఉండాడు."

"ఇది అన్యాయం! పచ్చి మోసం!"

"మొన్న నీ గదిలో ఒకడు అవుటయినాడు. నేను వంటింటికి వస్తే వాడే మళ్లీ అవుటయినాడు. ఒక మనిషి ఎన్నిసార్లు అవుటవుతాడయ్యా? అరనిమిషం ముందు నీకు తెలిస్తే తెలివి, నాకు తెలిస్తే మోసమా?"

"నీ ఫోనులో మ్యాచ్ వస్తా ఉండాదే! మరి మాట్లాడే ఫోను ఎవరిది?"

"అత్తయ్యది."

హాల్లోకి చూశాను. అమ్మ సీరియల్ మీదినుంచి చూపు తిప్పకుండా, "చార్జింగ్ నేనే పెట్టిచ్చినాలే నాయనా" అంది.

కన్నతల్లి!

శుక్రవారమే జలదంకి చేరి నిచ్చెనెక్కాను. కింద సుబ్బన్న మామ మూడువందల అడుగుల దగ్గరున్నాడు. రాజమోహన్ నిచ్చెన పట్టుకుని, "బావా, వచ్చే మ్యాచ్‌కి రెండు టికెట్లు దొరికినాయి" అన్నాడు.

కోపమంతా మరిచిపోయాను. "నిజమా! ఏ రోజు పోదాం?"

"నేనూ అక్కా పోతా ఉండాం బావా. నువ్వు ఇంట్లోనే చూడు. నీ కంప్యూటర్లో బొమ్మ బాగా వస్తాదంట గదా."