అటక మీద అధ్యక్షుడు

నవ్వనని మాటిస్తేనే చెబుతాను. ఆఫీసులో నా పైన పదకొండు మంది. నా కింద ఉన్నది నా కుర్చీ ఒక్కటే. అదీ నా మాట వినదు, ఒక కాలు కుంటుతుంది.

అక్కడ ఏ పనైనా పైనుంచి జారి జారి నా బల్ల మీదే ఆగుతుంది. ఈ జారుడుబండ ఇంట్లో కూడా కట్టేస్తే? ఎందుకంటే "అటక దులపండి" అని మూడు నెలలుగా నన్ను దులుపుతున్న మా ఆవిడ, ఆదివారంతో గడువు పెట్టేసింది.

ఆదివారం పొద్దున్నే ఓ అట్టముక్క మీద గళ్లు గీసి గోడకి తగిలించాను. పై గడిలో నేను, అధ్యక్షుణ్ణి. కింద మా ఆవిడ, ఆ కింద అత్తగారు, అట్టకి అట్టడుగున బావమరిది. వాణ్ణి "పరుపు" అంటాం. దాని మీద తప్ప ఎక్కడా కనబడడు.

"ఏంటిది?" అంది మా ఆవిడ.

"ఇంటి పరిపాలన! ఆర్డరు కిందికి, విన్నపం పైకి. మధ్యలో ఎవరూ గడి దాటకూడదు."

"దాటితే?"

"క్రమశిక్షణ చర్య!"

"అబ్బో! సరే, కానివ్వండి."

"అటక దులపవలెను" అని రాసి సంతకం గీకాను. మా ఆవిడ సంతకం పెట్టింది. కళ్లజోడు దొరక్క అత్తగారు చదవకుండానే పెట్టేశారు. అచ్చం మా పెద్దాఫీసరే! కాగితం పరుపుని చేరింది. నేను పడక్కుర్చీలో వాలాను.

పావుగంటలో కాగితం తిరిగొచ్చింది. "ఏది ఉంచాలో, ఏది పారేయాలో తేల్చే అధికారం నాకు లేదు" అని పరుపు. "నాకూ లేదు" అని అత్తగారు. "అధ్యక్షులవారే స్వయంగా చూసి తేల్చవలెను" అని మా ఆవిడ.

"మరి నేనెవరికి పంపను?"

"మీ పైన గడి లేదుగా. ఉన్నది అటకే. ఎక్కండి!"

ఎక్కాను. బూజు నాకు తలపాగా చుట్టింది. గంటన్నర తుమ్మి, దిగబోతే నిచ్చెన లేదు. కిటికీలు తుడవడానికని మా ఆవిడ పట్టుకుపోయింది.

"ఏమోయ్! నిచ్చెన!"

"మీ ఆర్డరు అందిందండీ. అమ్మకి పంపాను."

"నేను మావాడికి పంపేశా అల్లుడుగారూ!" వంటింట్లోంచి అత్తగారు.

"వాడేడీ?"

"పడుకున్నాడు," అంది మా ఆవిడ.

"నువ్వే వెయ్యొచ్చుగా!"

"అమ్మో! గడి దాటితే క్రమశిక్షణ చర్య!"

అట్టడుగు గడి ఎప్పుడు లేస్తుందా అని, అందరికంటే పైన కూర్చుని ఎదురుచూశాను. వాడి గురక మాత్రం ఏ సంతకం లేకుండా, గడులన్నీ దాటుకుని నేరుగా నా దగ్గరికే వచ్చింది.