ఎన్నూరు పోయిన కాన్పు సంచి

సోమవారం పొద్దున చేయవలసిన పనులను దేవరాజులు ఒక పాత కవరు వెనక వరసగా రాసుకున్నాడు. ముప్పై నాలుగేళ్లు కాలేజీ లైబ్రరీలో పనిచేసిన మనిషి. చేతిలో జాబితా లేకపోతే కాలు కదలదు. ఆరున్నరకు ఆశకు ఇడ్లీ. ఏడింటికి కన్నియప్పన్ ఆటో. పోతూ పోతూ పక్కింటి నుంచి సంచి. ఎనిమిదింటికి పురసవాక్కం ఆసుపత్రి. ఆ తరువాత ఏం రాయాలో తెలియక ఒక గీత గీసి వదిలేశాడు.

కూతురు ఆశకు నెలలు నిండి ఎనిమిది రోజులు దాటింది. నొప్పులు వాటంతట అవి వచ్చే జాడ లేదు కాబట్టి మందు పెట్టి తెప్పిద్దామని డాక్టరమ్మ చెప్పింది. తొలి కాన్పు పుట్టింట్లోనే జరగాలి. భార్య గోవిందమ్మ పోయి నాలుగేళ్లు కావడంతో వాషర్‌మెన్‌పేట్‌లోని ఆ పుట్టింట్లో ఉన్నది దేవరాజులు ఒక్కడే. ఆశ పుట్టిన రోజున అతను ఆసుపత్రి బయట బెంచీ మీద కూర్చుని పేపరు చదివాడు. ఆ రోజు పేపరులో కాన్పుల గురించి ఏమీ లేదు.

అల్లుడు శ్రీకుమార్ హోసూరు ఫ్యాక్టరీలో షిఫ్టు ముగించుకుని సాయంత్రానికి వస్తానన్నాడు. ఆడదిక్కుగా ఉంటుందని దేవరాజులు అక్క కనకవల్లి శనివారమే తిరుత్తణి నుంచి దిగింది. దిగీ దిగగానే పంచాంగం తెరిచింది.

"సోమవారం ఏడున్నర దాకా వర్జ్యం. ఏడున్నర నించి తొమ్మిది దాకా రాహుకాలం. ఆ డాక్టరమ్మకి ఇంకో టైమే దొరకలేదా రాజులూ?"

"ఆమెకి వేరే పనులుంటాయి గదక్కా."

"ఉంటే ఉండనీ. మనం ప్రస్థానం పెట్టేస్తాం."

ప్రయాణానికి మంచి గడియ కుదరనప్పుడు ముందే ఒక మంచి గడియ చూసి, మూటను గడప దాటించి పక్కింట్లో పెడతారు. దాంతో ప్రయాణం మొదలైపోయినట్టే లెక్క. మనుషులు ఆ తరువాత ఎప్పుడు బయలుదేరినా దోషం లేదు. మూటను మాత్రం తిరిగి ఇంట్లోకి తేకూడదు. ఆదివారం సరిగ్గా నాలుగింటికి కనకవల్లి కాన్పు సంచిని తీసుకుపోయి, పక్కింటి లూర్దుమేరి వరండాలో బల్ల మీద పెట్టి వచ్చింది. ఇంటికి తాళం వేసి ఉంది. చెప్పడానికి మనిషి లేకపోయినా పక్కింటి వరండాలోంచి సంచి ఎక్కడికి పోతుందిలే అనుకుంది.

ఆ సంచి అడుగున ఆశ రిపోర్టుల ఫైలు ఉంది. దాని మీద గోవిందమ్మ పాత నేత చీరలు నాలుగు. పసిబిడ్డ ఒంటికి మొదట తగలాల్సింది మెత్తబడిన పాత గుడ్డే కనుక, వాటిని దేవరాజులే ముక్కలు చేసి, వేడినీళ్లలో ఉతికి, ఇస్త్రీ చేసి మడతపెట్టాడు. నాలుగు చీరలు కత్తిరించడానికి అతనికి మూడు రోజులు పట్టింది. కత్తెరలో లోపం ఏమీ లేదు.

సోమవారం ఏడింటికి లూర్దుమేరి వరండాలో బల్ల ఖాళీగా ఉంది.

"ఆ సంచా అన్నా?" అంది లూర్దుమేరి, పైట చెంగు కళ్లకు అద్దుకుంటూ. "నిన్ననే చర్చి వ్యాన్లో ఎన్నూరు పోయింది."

నెలనెలా ఆఖరి ఆదివారం ఆ వీధివాళ్లు పాత బట్టలు తెచ్చి ఆ బల్ల మీదే పెడతారు. చర్చి వ్యాను వాటిని ఎన్నూరులో బెస్తవాళ్ల ఇళ్లకు చేరుస్తుంది. దేవరాజులుకు ఈ సంగతి పదిహేనేళ్లుగా తెలుసు. తిరుత్తణి నుంచి వచ్చిన కనకవల్లికి తెలియదు.

"తెరిచి చూసినా. వొదిన చీరలు. నాలుగేండ్లకి మనసు గట్టి చేసుకొని ఇచ్చేసినావే అని ఏడుపొచ్చేసింది అన్నా. పసిబిడ్డ ఉండే ఇంటికే ఇయ్యాలని వ్యాన్లో వాళ్లకి మరీ మరీ చెప్పి పంపించినా. నీ కోసరం ప్రార్థన కూడా చేసినా."

తన కోసం ప్రార్థన చేసిన మనిషి మీద ఎలా కోప్పడాలో దేవరాజులుకు తెలియలేదు.

"అడుగున ఫైలు ఉండాది మేరీ," అన్నాడు.

ఆటోలో కనకవల్లి పక్కన కూర్చున్న ఆశ తల బయటపెట్టింది. "ఫైలు అడుగున ఎందుకు పెట్టినావు నాయనా?"

"నలగకుండా ఉంటుందని."

ఆటో పురసవాక్కం చేరింది. ఆసుపత్రి మెట్ల దగ్గర ఆశ తండ్రి చెయ్యి పట్టుకుంది. "ఫైలు వస్తే రానీ, పోతే పోనీ. నొప్పులొచ్చేటప్పటికి నువ్వు మాత్రం ఆ తలుపు దగ్గర ఉండాల. అమ్మ ఉండుంటే ఉండేది."

"ఉంటా."

"ఊరికే అనొద్దు. లిస్టులో రాసుకో."

అతను కవరు తీసి, గీత కింద 'తలుపు దగ్గర ఉండాలి' అని రాశాడు. ఆశ అది చదివి, అత్తతో పాటు లోపలికి పోయింది. కౌంటర్లో జెబ అనే నర్సు తల ఎత్తి, "ఫైలు సార్?" అని అడిగింది.

"తెస్తానమ్మా, ఇప్పుడే తెస్తాను."

"సార్, ఒక్క నిమిషం..."

అప్పటికే దేవరాజులు ఆటోలో ఉన్నాడు.

ఎన్నూరు దారిలో తిరువొత్తియూరు దాటుతుండగా కనకవల్లి ఫోను చేసింది.

"రాజులూ, ఏందో జెల్ పెట్టేసినారు. ఇంక ఆరు గంటలంట."

దేవరాజులు గడియారం చూసుకున్నాడు. తొమ్మిది. ఆరు కలిపితే మూడు. మూడింటికి మనవడో మనవరాలో పుట్టేస్తుందని అక్కకు చెప్పాడు. తాను అప్పటికి తలుపు దగ్గర ఉండాలి. "సార్, భయపడొద్దు," అన్నాడు కన్నియప్పన్, ఒక సిమెంటు లారీ పక్క నుంచి దూరుతూ. "వీళ్లు చెప్పే టైమంతా ఊరికే. నా మూడోది, నేను టీ తాగి వచ్చే లోపలే పుట్టేసింది. టీ కూడా సగమే తాగినా."

అది ధైర్యం చెప్పినట్టు కన్నియప్పన్‌కు అనిపించింది. దేవరాజులు ఆటో కడ్డీని రెండు చేతులా పట్టుకున్నాడు.

రెండో ఫోను పదింటికి వచ్చింది. "కడుపుకి బెల్టు కట్టినారు. మిషన్లో బిడ్డ గుండె దడదడ అని వినిపిస్తా ఉండాది. నూట నలభై అంట."

"నూట నలభైయా?"

"నర్సే చెప్పింది."

తనకు తొంభై దాటితేనే మాత్ర వేసుకోమని డాక్టరు చెప్పి ఉన్నాడు. దేవరాజులు ముందుకు వంగి కన్నియప్పన్ భుజం తట్టాడు. "కొంచెం బిరబిరా పోనియ్యప్పా," అన్నాడు.

"ముందర లారీ, వెనక లారీ. యాడికి పోయేది సార్?"

ఎన్నూరు చేరేసరికి చర్చి హాలులో బట్టలు పంచేశారు. పసిబిడ్డ బట్టలున్న సంచి ఎవరికిచ్చారో వాళ్లకు బాగా గుర్తుంది. లూర్దుమేరి అంతగా చెప్పి పంపింది మరి. కాలవ గట్టు మీద, విజి అనే అమ్మాయి ఇల్లు. ఇల్లంటే ఒక గది, ముందొక రేకు పంచ. ఆ పంచలో పాత చీర ఉయ్యాలలో అయిదు రోజుల బిడ్డ నిద్రపోతోంది.

బిడ్డ ఒంటికి చుట్టిన గుడ్డను దేవరాజులు చూసిన వెంటనే గుర్తుపట్టాడు. నీలం రంగు, మామిడిపిందెల అంచు. గోవిందమ్మ ఆదివారాలు తల ఆరబెట్టుకునేటప్పుడు కట్టుకునే చీర. 

"ఫైలు కోసరం వచ్చినారా అయ్యా?" అంది విజి. పంచలోని మంచం మీంచి మెల్లగా లేచి, గదిలో టీవీ వెనక నుంచి ఫైలు తెచ్చింది. "ఎవరిదో డాక్టరు కాయితాలని దాచినా. ఎవరో వెతుక్కుంటా వస్తారని తెలుసు." తరువాత అతని చూపు ఎటుందో గమనించింది. "ఇవి కూడా మీవేనా? పొరపాటున వచ్చేసిందా? ఉండండి, విప్పి ఇస్తా."

"లేపొద్దమ్మా," అన్నాడు దేవరాజులు గబగబా. "నేను వచ్చింది ఫైలుకే."

విజి అతన్ని కాసేపు చూసింది. ఆ మాట నమ్మినట్టు లేదు. మళ్లీ లోపలికి పోయి ఒక మడత తెచ్చి అతని చేతిలో పెట్టింది. వెలిసిపోయిన ఎర్రగళ్ల చీర ముక్క. "మా అత్త కట్టుకొనింది. మెత్తగా ఉంటాది. మీ ఇంట్లో బిడ్డకి."

అతను ఆ గుడ్డను ఫైలుతో పాటు చంకలో పెట్టుకుని ఆటో ఎక్కేసరికి పన్నెండున్నర. మళ్లీ ఫోను మోగింది.

"రాజులూ, ఆశ ఏడస్తా ఉండాది. నర్సు ఉరికింది. నువ్వు బిరీన..."

ఫోను అక్కడితో ఆరిపోయింది. రాత్రంతా జాబితా సరిచూసుకోవడంలో ఛార్జింగు పెట్టడం మరిచిపోయాడు. జాబితాలో ఆ పని లేదు.

కన్నియప్పన్ తన ఫోను అందించాడు. "మీ అక్క నంబరు చెప్పండి సార్."

"మా అక్క నంబరు 'అక్క' అని ఉంటుంది," అన్నాడు దేవరాజులు. "అంత మాత్రమే తెలుసు."

ఎన్నూరు రోడ్డు మీద లారీలు ఎక్కడివి అక్కడ ఆగిపోయి ఉన్నాయి. ముందున్న కంటైనరు వెనక అంటుకున్న దుమ్మును చూస్తూ దేవరాజులు గంటన్నర కూర్చున్నాడు. ఆశకు ఏదైనా అయితే ఫైలు లేని పాపం తనదే. ఏమీ కాకుండా బిడ్డ పుట్టేసినా, తలుపు దగ్గర లేని పాపం తనదే. గోవిందమ్మ ఉండుంటే ఫైలును సంచి అడుగున పెట్టి ఉండేది కాదు. అసలు చేతిలోంచి దించి ఉండేది కాదు. కన్నియప్పన్ ఏమనుకున్నాడో, మిగిలిన తన రెండు కాన్పుల కథలు చెప్పకుండా, ఆటో దిగి పోయి రెండు నిమ్మకాయ సోడాలు తెచ్చాడు. ఒకటి దేవరాజులు చేతిలో పెట్టి, మళ్లీ తన సీట్లో కూర్చున్నాడు.

ఆసుపత్రి చేరేటప్పటికి మూడుంబావు. కింది హాలులో తెలిసిన మొహాలు పదకొండు కనిపించాయి. గోవిందమ్మ తమ్ముడు గోపాలస్వామి, అతని వెనక తిరుత్తణి వాళ్లు, రాయపురం వాళ్లు. అందరూ తలలు దించుకుని ఉన్నారు. గోపాలస్వామి ఒళ్లో విప్పని మిఠాయి పెట్టె ఉంది.

దేవరాజులు పరుగున అతని దగ్గరికి పోయాడు. "ఏమైంది స్వామీ?"

"ఏం చెప్పేది బావా," అని గోపాలస్వామి మొహం తిప్పుకున్నాడు.

ఆ తరువాతి మాట వినడానికి దేవరాజులు ఆగలేదు. రెండంతస్తులు మెట్లెక్కి, ప్రసవాల గది తలుపు దగ్గర జెబను ఢీకొన్నంత పని చేశాడు.

"ఆశ... నా కూతురు..."

"సార్, మెల్లగా. ఆమె పెరుగన్నం తింటా ఉంది."

అతను గోడకు ఆనుకున్నాడు. జెబ ఒక కుర్చీ లాగింది.

"ఆరు గంటలన్నారు కదమ్మా?"

"ఆరు గంటలకి మళ్లీ చూస్తామని చెప్పినాము సార్. జెల్ అంటే గర్భసంచి వాకిలి మెత్తబడేదానికి. అది మెత్తబడాల, నొప్పులు రావాల, రాకపోతే డ్రిప్ పెట్టాల. తొలి కాన్పు. ఒక రోజు పట్టొచ్చు, రెండు రోజులూ పట్టొచ్చు."

"గుండె నూట నలభై..."

"బిడ్డకి అది మంచిదే సార్. మీకు ఎంత ఉందో చూడమంటారా?"

అతను చంకలోంచి ఫైలు తీసి ఇచ్చాడు. జెబ దాన్ని చూసి తిరిగి అతని చేతిలోనే పెట్టింది. "అన్నీ మా కంప్యూటర్లో ఉన్నాయి. పొద్దున చెప్పే లోపలే మీరు ఆటో ఎక్కేసినారు. మీ అక్కకి చెప్పినాను గదా?"

పక్క బెంచీ మీద కనకవల్లి పంచాంగం మూసింది. "చెప్పింది. కంప్యూటర్‌ని ఎవరు నమ్మేది?" అంది. "ఇంక కింద వాళ్లంటావా, మూడింటికి కాన్పని నేనే ఫోన్లు చేసినా. మా రాజులు లెక్క తప్పదని చెప్పినా. మూడు దాటినా బిడ్డ రాలేదని మొహాలు వేలాడేసుకొని ఉండారు."

లోపల ఆశ నిజంగానే పెరుగన్నం తింటోంది. ఎందుకు ఏడ్చావని అడిగాడు.

"అత్త తన నాలుగు కాన్పుల కతలు చెప్పింది నాయనా. రెండోదానికే ఏడుపొచ్చింది. నర్సు ఉరికొచ్చి అత్తని బయటికి పంపించింది." ముద్ద మింగి, అతని చేతుల వైపు చూసింది. "అమ్మ చీరలు?"

చెప్పాడు. ఆశ స్పూను గిన్నెలో తిప్పింది.

"ఏది చుట్టి ఉండాది ఆ బిడ్డకి?"

"నీలం. మామిడిపిందెలది."

"బాగా నిద్రపోతా ఉందా?"

"లేపినా లేచేట్టు లేదు."

"అయితే సరే," అని ఆశ మళ్లీ తినడం మొదలుపెట్టింది.

కింద గోపాలస్వామి మిఠాయి పెట్టె విప్పి, ఏ శుభవార్తా లేకుండానే అందరికీ పంచి, అందర్నీ తీసుకుని వెళ్లిపోయాడు. సాయంత్రం రెండో జెల్ పెట్టారు. శ్రీకుమార్ వచ్చి మామ పక్కన కూర్చున్నాడు. మంగళవారం పొద్దున డ్రిప్ పెట్టారు, పదకొండింటికి నొప్పులు అందుకున్నాయి. ఆ తలుపు వెనక నుంచి వినిపించిన కేకలకు దేవరాజులు ప్రతిసారీ లేచి నిలబడ్డాడు. మధ్యమధ్య "నాయనా, ఉండావా?" అని ఆశ అరిచేది. "ఉండాను," అని అతను బయటి నుంచి అరిచేవాడు. ఆ అంతస్తులో అందరూ అతనికి దారి ఇచ్చి నడిచారు.

చివరికి ఒక సన్నటి ఏడుపు వినిపించింది. జెబ తలుపు తీసి, "ఆడబిడ్డ సార్. ఇద్దరూ బాగుండారు. మెత్తటి పాత గుడ్డ ఏదైనా ఉందా?" అంది.

దేవరాజులు చంకలోని ఎర్రగళ్ల గుడ్డ ఇచ్చాడు. నిన్నటి నుంచీ అది అక్కడే ఉంది.

"చేపల వాసన వస్తా ఉంది రాజులూ," అంది కనకవల్లి.

"రానీ అక్కా," అని అతను కవరు తీసి, చివరి పనికి టిక్కు పెట్టాడు.

కనకవల్లి గోడ గడియారం చూసింది. మూడు నలభై. మంగళవారం మూడు నించి నాలుగున్నర దాకా రాహుకాలం. ఆమె గడియారాన్ని చాలాసేపు తేరిపార చూసింది. ఆ తరువాత, అది ముప్పావు గంట ముందు పోతోందని తేల్చి, పుట్టిన సమయం రెండు గంటల యాభై అయిదు నిమిషాలని పంచాంగం అట్ట మీద శ్రీకుమార్ చేత రాయించింది.