శుద్ధ శాకాహార రథం

అల్ఫారెట్టా భక్తమహాశయులకు తెలియజేయడమేమనగా, ఈ ఏడాది ఉత్సవాల్లో స్వామివారి రథాన్ని మాంసాహార వాహనంతో లాగించరాదని ఆలయ కమిటీ ఏకగ్రీవంగా తీర్మానించింది.

వాహనం మాంసాహారం ఎలా అవుతుందని అడిగే అజ్ఞానులు ఎక్కడైనా ఉంటారు కాబట్టి, అధ్యక్షులు బ్రహ్మయ్యగారు మైకు అందుకుని విశదీకరించారు. "డీజిలంటే ఏమిటి? కోట్ల ఏళ్ల కిందట చచ్చిన జీవాల రసం! రసమని మర్యాదకి అంటున్నాను, అసలది పులుసు! నిరుడు ట్రక్కు కట్టి స్వామివారిని మాంసం పులుసు మీద ఊరేగించాం. దోషపరిహారం టికెట్లు కౌంటర్లో ఉన్నాయి. క్రెడిట్ కార్డులు స్వీకరించబడును."

కరెంటు కారు కడదామన్నవారిని, ఆ కరెంటు ఏ బొగ్గు తిని పుట్టిందో రుజువు తెమ్మన్నారు. తాళ్లు కట్టి మనుషులే లాగొచ్చు కదా అని ఎవరో అన్నారు. ఆ మాటకి సభలోని నడుములన్నిటికీ ఒకేసారి నొప్పి పుట్టింది. సభ్యత్వ ఫారంలో 'ఆజన్మ శాకాహారి' అన్న గడిలో టిక్కు పెట్టిన పుణ్యాత్ములే అందరూ. వారి నడుములకు అబద్ధమాడే అలవాటు లేదు.

ఈ తీర్మానం విని ఆనందబాష్పాలు రాల్చినవాడు ఊరంతటికీ ఒక్కడే. అతడు శశికాంత్.

శశికాంత్ వృత్తిరీత్యా సాఫ్ట్‌వేర్, ప్రవృత్తిరీత్యా హార్డ్ క్యాష్. ఇంధనంలోనే ధనం ఉంది కదా, అది గ్యాస్ స్టేషన్‌వాడికి ఎందుకు పొయ్యాలని మూడేళ్ల కిందట ఒక జ్ఞానోదయమైంది. వెంటనే తనకన్నా రెండేళ్లు పెద్దదైన డీజిల్ కారును నాలుగువేల డాలర్లకి కొన్నాడు. డిక్కీలో రెండో ట్యాంకు పెట్టించడానికి మరో రెండువేలు. పిండివంటలు వేయించి పారబోసే నూనె తెచ్చి, భార్య రాగిణి నేత చీరలు ఐదింటిలో వడగట్టి, ఆ ట్యాంకులో పోసేవాడు. డీజిల్‌తో బండి స్టార్ట్ చేసి, ఇంజను వేడెక్కాక మీట నొక్కితే చాలు, నూనె అందుకుంటుంది. మూడేళ్లలో మిగిలింది మూడువందల పన్నెండు డాలర్లు. నూనె కోసం ఇంత చేతి చమురు వదిలించుకున్నవాడు జార్జియా రాష్ట్రంలో మరొకడు లేడు.

కేటరింగ్ త్రివేణిగారు నూనె ఉచితంగా ఇచ్చేవారు. ఆవిడ వడలు వేస్తే కారు వడివడిగా పోయేది, బూరెలు వేస్తే బూర కూడా తియ్యగా మోగేది. గారెల నూనె తాగిన వారం జనం దాన్ని గౌరవంగా కారుగారు అనేవారు. పొగకు తగ్గ పొగడ్త! కాలనీ సంఘంవారు మాత్రం, తమరి వాహనం వీధిలో తిరిగినంతసేపూ మా సభ్యుల డైటింగు దెబ్బతింటున్నదని నోటీసు పంపారు.

"ఇరవై ఏళ్లుగా వండుతున్నాను, నా పోపు వాసనకి ఒక్కడూ ఆగలేదు. మీ సైలెన్సర్ వెనకాల పదిమంది నిలబడుతున్నారు" అంది రాగిణి. "ఆవిడిచ్చే నూనె ఆఫీస్‌కే చాలట్లేదు. ఉత్సవంలోగా పర్మనెంట్‌గా నూనె వచ్చే దారి చూస్కోండి. లేదంటే కారు జంక్‌యార్డ్‌కి, మీరు బస్‌స్టాప్‌కి."

ఆ దారి గుడి గుమ్మం దగ్గరే తెరుచుకుంది. రథం లాగిన వాహనానికి ఏడాదిపాటు గుడి వంటశాల నూనె, నెలకు నలభై గ్యాలన్లు, ప్రసాదంగా ఇస్తామన్నారు. షరతు ఒక్కటే. వాహనం నలభై ఒక్క రోజులు దీక్షలో ఉండాలి.

కారుకు మాల వేశారు. ఆ రోజు నుంచి శశికాంత్ చెప్పులు విడిచి క్లచ్ తొక్కాడు. కారును కారు అనడం మహాపచారం కనుక స్వామి అన్నారు. "స్వామికి బ్యాటరీ వీకైంది, జంప్‌స్టార్ట్ చేయాలి" అని అతడు ఫోన్ చేస్తే, అవతల ఆఫీసు మేనేజరు కళ్లు మూసుకుని ప్రార్థించాడట.

ముప్పై తొమ్మిదో రోజున త్రివేణిగారు ఎయిర్ ఫ్రయర్ కొన్నారు.

"సారీ బాబూ, అందరూ కొలెస్ట్రాల్ అంటున్నారు. ఇక చుక్క నూనె వాడేది లేదు" అన్నారావిడ. నూనె మానేసినది ఆవిడ, గుండె ఆగినది ఇతనికి. కొట్లో కొత్త నూనె కొనొచ్చు. కానీ అది డీజిల్ కన్నా ఖరీదు. మూడేళ్ల సిద్ధాంతాన్ని ముప్పై డాలర్లకి అమ్ముకోవడానికి మనసొప్పలేదు.

హైవే పక్కన కోడిబొమ్మ ఉన్న ఫ్రైడ్ చికెన్ కొట్టువాడు మాత్రం, పారబోసే ఖర్చు తప్పిందని పది గ్యాలన్లు నవ్వుతూ పోశాడు. శశికాంత్ శాస్త్రం ఆలోచించాడు. కోడి ప్లేటులోకో పొట్టలోకో ఎప్పుడో వెళ్లిపోయింది. మిగిలింది సోయాబీన్ నూనె. చీరలో మూడుసార్లు వడగడితే అది పునర్జన్మ ఎత్తినట్టే.

ఉత్సవం నాడు గుడి మలుపులో మీట నొక్కి, మేళతాళాలతో లోపలికి ప్రవేశించాడు. వెనక రథం, రథం వెనక ఐదువందల మంది భక్తులు. మొదటి ప్రదక్షిణ సగంలో పొగ వచ్చింది. కరకరలాడే పైపెచ్చు, లోపల మిరియం, కొసన కాస్త వెల్లుల్లి.

ఐదువందల ముక్కులు ఒక్కసారిగా పైకి లేచాయి. ఆ వాసనకు ఎవరూ పేరు పెట్టలేదు. అది కోడి వాసన అనాలంటే, కోడి వాసన తెలిసి ఉండాలి కదా!

"మిరియం కొంచెం ఎక్కువైందేమో" అన్నాడు కార్యదర్శి రాధాకృష్ణ, గాలితో అన్నట్టు.

"మిరియం కాదండీ, అది గురువారం స్పెషల్‌లో వాళ్లేసే..." అంటూ కోశాధికారి హనుమయ్యగారు నాలుక కరుచుకుని, తీర్థం ఇచ్చేవరకూ దగ్గారు.

హారతి కోసం బండి ఆగగానే శశికాంత్ కిటికీ దించాడు. "బ్రహ్మయ్యగారూ, ఒక తప్పు జరిగిపోయింది. ఆ నూనె..."

"నోర్ముయ్ శశీ!" బ్రహ్మయ్యగారు కిటికీలో తలపెట్టి పళ్లు కొరికారు. "నువ్వు చెబితే నాకు తెలిసిపోతుంది. పోనీ, పోనీ!" వెంటనే మైకులో గొంతు సవరించుకున్నారు. "భక్తులారా! మీరు ఆఘ్రాణిస్తున్నది సాక్షాత్తూ హోమధూమం! దీర్ఘంగా పీల్చి తరించండి!"

మూడు ప్రదక్షిణలనుకున్నవి భక్తుల కోరికపై పదకొండయ్యాయి. అంతటి తన్మయత్వం ఆ గుడిలో మునుపెన్నడూ కానరాలేదు. "ఏవండీ, ఒక సోడా కూడా పట్టుకొస్తే నైవేద్యం పూర్తయ్యేది" అని రాగిణి కిటికీలోంచి దీవించింది. ఏడాది నూనె ఒప్పందం మీద ఆ సాయంత్రమే సంతకాలయ్యాయి.

అదే సాయంత్రం హైవే పక్క కోడిబొమ్మ కొట్టు ముందు కార్లు రోడ్డు మీదికి బారుకట్టాయి. డ్రైవర్లందరికీ నుదుట తాజా కుంకుమ. ముందు కారువారు వెనక కారువారిని గుర్తుపట్టలేదు. వెనకవారు ఆ ఉపకారాన్ని మరచిపోలేదు.

తర్వాత, గిట్టనివాళ్ల పుకార్లను అరికట్టేందుకు కమిటీ విచారణ సంఘం వేసింది. ఆ నాటి సువాసన ఏమిటో స్వానుభవంతో నిర్ధారించగలవారు పేరు, గోత్రం, చివరిసారి తిన్న తేదీ రాసి పంపవలసిందిగా ప్రకటించింది. గడువు మూడుసార్లు పొడిగించారు. ఒక్క ఉత్తరమూ రాలేదు. ఈ కథ చదువుతూ గుటక మింగినవారు కూడా రాయవచ్చును; చిరునామా మీకు తెలుసు.