మంత్రిగారి ఏకాగ్రత

ఇకమీదట తమ శాఖలో ఎవరి మనసూ పక్కకు పోవడానికి వీల్లేదని ఆరోగ్యశాఖ మంత్రిగారు ప్రకటించారు. ఈ ఏడాది ఏకాగ్రతా సంవత్సరమనీ, ఉద్యోగులందరికీ ఏకాగ్రత మాత్రలు ఉచితమనీ చెప్పారు. చెబుతూ చెబుతూ రోడ్ల మరమ్మతుల్లోకి వెళ్లిపోయారు. పి.ఏ. చెవిలో ఊదగానే తిరిగొచ్చారు. అంత విశాలమైన మనసు అందరికీ ఉండదు.

ఈ మహత్తర పథకానికి మూలపురుషుడు తపాలా సెక్షను గుమాస్తా. ఆయన్ను అందరూ రేపుగారు అనేవారు. ఏ కాగితం అడిగినా "రేపు చూస్తానండీ" అనేవారు మరి. అది అబద్ధం కాదు, నిజంగానే చూద్దామనుకునేవారు. కానీ ఉత్తరం విప్పబోతే దాని మీది స్టాంపు, స్టాంపు చూస్తుంటే కిటికీ, కిటికీలోంచి ఎదురు మేడ మీద ఆరేసిన దుప్పటి. సాయంత్రానికి ఉత్తరం విప్పకుండానే ఉండేది. కూతురి పరీక్ష ఫారం ఆయన జేబులోనే గడువు దాటిపోయాక, భార్య చెయ్యి పట్టుకుని మానసిక వైద్యురాలి దగ్గరికి లాక్కెళ్లింది.

డాక్టరమ్మ ఒక్క చీటీతో పంపేయలేదు. చిన్ననాటి సంగతులన్నీ అడిగారు. ఆయన అక్కయ్యకు ఫోన్ చేసి మరీ కనుక్కున్నారు. ఇది పసితనం నుంచీ ఉన్న శ్రద్ధాలోపమనీ, సోమరితనం కాదనీ తేల్చారు. రక్తపోటు, నాడి చూశారు. ఈసీజీ తీయించారు. ఇంట్లో ఎవరికైనా గుండెజబ్బుందా, తాగుడు అలవాటుందా అని ఆరా తీశారు. అప్పుడు రాశారు, చిన్న మోతాదులో ఉత్తేజక మాత్ర. పొద్దున ఒకటే. ఒకరోజు మర్చిపోతే మర్నాడు రెండు వేసుకోకూడదు. గుండె దడదడలాడినా, నిద్ర పట్టకపోయినా, తిండి సయించకపోయినా వెంటనే చెప్పాలి. బీరువాలో తాళం వేసి ఉంచాలి. కన్నతల్లి అడిగినా ఇవ్వకూడదు. భార్య ఇవన్నీ కాగితం మీద రాసి బీరువా తలుపుకు అంటించింది.

మూడు నెలల్లో, మోతాదు మెల్లగా సరిపడేసరికి, రేపుగారి బల్ల మీద కాగితాల కింద నుంచి చెక్క కనిపించింది. అది టేకు బల్ల అని ఆఫీసుకు అప్పుడే తెలిసింది.

ఈ వింత మంత్రిగారి చెవిన పడింది. రేపుగారిని పిలిపించి అడిగారు. రేపుగారు దాపరికం లేకుండా అంతా చెప్పారు.

"అంటే మాత్ర వేస్తే పని అవుతుంది" అన్నారు మంత్రిగారు.

"జబ్బున్నవాళ్లకండీ. డాక్టరు చూసి ఇవ్వాలి."

"నేను ఈ శాఖను ఆరేళ్లుగా చూస్తున్నానయ్యా. అందరికీ జబ్బే."

ఆ వారమే ప్రకటన వెలువడింది.

మాత్రలు రావాలంటే టెండర్లు పిలవాలి. పి.ఏ.కు అంత ఓపిక లేదు. రేపుగారి బల్ల దగ్గరికి వచ్చి, ఒక్కటంటే ఒక్కటి సర్దమని బతిమాలాడు.

"చొక్కా అడుగు, విప్పి ఇస్తాను తమ్ముడూ" అన్నారు రేపుగారు. "ఇది నా గుండెను చూసి ఇచ్చారు. నీ గుండెను ఎవరూ చూడలేదు."

పి.ఏ. నొచ్చుకుని వెళ్లిపోయి, ఎవరి దగ్గరో ఎలాగో రెండు మాత్రలు సంపాదించాడు. తనకు రక్తపోటున్న సంగతి ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు గనక. ఆ రెండూ మూడు కప్పుల చిక్కటి కాఫీతో మింగి, మంత్రిగారి పది నిమిషాల ప్రసంగం రాయడానికి కూర్చున్నాడు. మధ్యాహ్నానికి అరవై రెండు పేజీలు పూర్తయ్యాయి. అరవై మూడో పేజీ దగ్గర గుండె పట్టుకుని కుర్చీలోంచి జారిపోయాడు. రేపుగారే ఆస్పత్రికి తీసుకెళ్లి, ఏం మింగాడో, ఎన్ని మింగాడో దాచకుండా డాక్టర్లకు చెప్పబట్టి మనిషి దక్కాడు.

ఆ సాయంత్రమే మంత్రిగారు విలేకరులను పిలిచి, ఈ మాత్రలు సమాజానికి పట్టిన చీడ అన్నారు. నిషేధం విధించారు. దుకాణాల్లో ఉన్న సరుకంతటికీ సీలు వేయించారు. మాట మార్చడానికి ఆయనకు మూడు వారాలు కూడా పట్టలేదు. అదీ చురుకుదనం.

రేపుగారు మందుల దుకాణానికి వెళ్తే చీటీ చూసి వెనక్కి ఇచ్చేశారు. ఊరూపేరూ లేనివాళ్ల దగ్గర కొనవద్దనీ, సర్కారుకు తాను రాస్తాననీ డాక్టరమ్మ ధైర్యం చెప్పారు. పది రోజుల్లో టేకు మళ్లీ మాయమైంది. ఇంకొక్క ఉత్తరం తప్పిపోతే బదిలీయేనని హెడ్‌క్లర్కు కాగితం ఇచ్చాడు. ఆ కాగితం కూడా ఎక్కడో పోయింది. ఆ రాత్రి కూతురు తన ఫారాలు తనే దాచుకోవడం చూసి, ఆయన మర్నాడు నేరుగా మంత్రిగారి గదిలోకి వెళ్లారు.

"నలభై ఏళ్లు నన్ను సోమరి అన్నారు సార్. నేనూ అదే నమ్మాను. జబ్బని తెలిసింది ఈ ఏడే. తప్పు మాత్రది కాదు, చూడకుండా మింగడానిది."

మంత్రిగారు ఫోన్ పక్కన పెట్టారు. కళ్లు తుడుచుకున్నారు.

"కదిలించేశావయ్యా. ఇంతకీ నువ్వెవరు?"

ఇంతలో డాక్టరమ్మ ఉత్తరం పత్రికల్లో కూడా వచ్చింది. అసలు ఇలాంటి జబ్బే లేదని నిరూపించడానికి, కెమెరాల ముందు తనను పరీక్షించమని మంత్రిగారు సవాలు చేశారు. ఆమె ఒప్పుకున్నారు. వచ్చేటప్పుడు నిషేధం ఎత్తివేత ఉత్తర్వు టైపు చేయించి తెచ్చుకున్నారు. రేపుగారు గోడవారగా నిలబడ్డారు.

"చిన్నప్పుడు బడిలో కుదురుగా కూర్చునేవారా?" అని అడిగారు డాక్టరమ్మ.

"కుర్చీలోంచి నన్ను లేపినవాడు లేడు."

"వస్తువులు పోగొట్టుకునేవారా?"

"నాది ఏదీ పోదు. ఊళ్లోవాళ్లవే పోయేవి."

"మరి దేని మీద దృష్టి నిలవడం లేదు?"

మంత్రిగారు నిజాయితీగా ఆలోచించారు. "ఫైళ్ల మీద. అర్జీల మీద. ఆస్పత్రుల మీద."

"ఎప్పటి నుంచి?"

"ప్రమాణస్వీకారం దగ్గర్నుంచి."

డాక్టరమ్మ కలానికి మూత పెట్టారు. "మీకు ఏ మందూ అక్కర్లేదండీ. మీకు జబ్బు లేదు."

చప్పట్లు మోగాయి. మంత్రిగారు ఏదైనా సంతకం చేస్తున్నట్టు ఫొటో కావాలని విలేకరులు అడిగారు. డాక్టరమ్మ ఉత్తర్వును ముందుకు జరిపారు. మంత్రిగారు కెమెరా వైపు నవ్వుతూ సంతకం పెట్టారు. ఫొటో చాలా బాగా వచ్చింది.

మర్నాడు దుకాణాల్లో సరుకుకు సీలు విప్పారు. రేపుగారు ముందు డాక్టరమ్మ దగ్గరికి వెళ్లి రక్తపోటు చూపించుకుని, తర్వాత మాత్రలు తెచ్చుకున్నారు. మంత్రిగారు కారెక్కుతుంటే ఒక విలేకరి అడ్డుపడి, నిషేధం ఎందుకు ఎత్తివేశారని అడిగాడు.

మంత్రిగారు కాలు కారులో పెట్టి ఆగారు.

"ఏ నిషేధం?" అన్నారు.