తమ్ముడి అనుమతి

ఆ ఉదయం పెద్దాయన పథకం చిన్నదే. పదకొండింటికి కొత్త హోటలు యజమానురాలు వస్తుంది. వెనక గోదాములో ఎన్ని మంచాలున్నాయో తన దుకాణం వెబ్‌సైటులో అప్పటికప్పుడు చూపించి, ఆర్డరు మొత్తం కొట్టెయ్యాలి. ఆ ఆర్డరు రాకపోతే దుకాణం మూతే. గోదాము తమ్ముడిది, ఆ లెక్క ఉండేదీ తమ్ముడి వెబ్‌సైటులోనే. ఇంత ప్రాణాల మీది పనిని ప్రోగ్రామరమ్మాయికి చెప్పింది మాత్రం ఆ పొద్దునే. యజమానుల తెలివి ఇలాగే ఏడుస్తుంది.

తెర మీద అంకె ఉండాల్సిన చోట ఖాళీ.

"ఏమైంది?"

"మీ తమ్ముడుగారి సైటు లెక్క పంపింది సార్. కానీ అది వేరే సైటు కదా, లెక్క మనకివ్వొచ్చని అనుమతి రాసి పంపలేదు. అందుకని మన బ్రౌజరే ఆపేసింది. వాళ్లు తమ సైటు కోడులో ఒక్క లైను చేరిస్తే..."

పెద్దాయన బుర్రకు 'అనుమతి' తప్ప ఇంకేమీ ఎక్కలేదు. "వాణ్ణి ఎత్తుకుని పెంచాను! వాడి అనుమతి నాకా?"

ఫోను అందుకున్నాడు. "ఏరా, నన్నే ఆపుతావా?"

"నేనెక్కడ ఆపాను అన్నయ్యా? మంచాలన్నీ ఇక్కడే ఉన్నాయి, వచ్చి చూసుకో."

"నేనొచ్చి నీ గుమ్మంలో నిలబడాలా?"

సంగతి భార్యకు చేరింది. ఆమె తోడికోడలికి ఫోను చేసి కడిగేసింది. తోడికోడలు తక్కువ తిన్నదా? "ముందు మా కుక్కరు మూత పంపించక్కా, అనుమతి సంగతి తర్వాత చూద్దాం" అంది. అది విని పెద్దాయన ఊగిపోతూ దుకాణానికీ గోదాముకీ మధ్య తలుపుకు తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకున్నాడు.

"సార్, ఆ ఒక్క లైను..."

"నోర్ముయ్! ఇది పరువు సంగతి."

ప్రోగ్రామరమ్మాయి కూడా తక్కువది కాదు. అవతలి ప్రోగ్రామరుకు ఫోను చెయ్యమని యజమాని సెలవిచ్చేదాకా కదలనని బొమ్మలా కూర్చుంది.

హోటలావిడ వచ్చింది. ఖాళీ తెర చూసింది. "లెక్క లేకపోతే పోనీండి, మంచాలు చూపించండి."

తాళం తియ్యొచ్చు. తీస్తే తమ్ముడి ముందు తగ్గినట్టు! "మా తమ్ముడు రానివ్వడం లేదండీ" అన్నాడు పెద్దాయన.

ఆవిడ తలుపుకు ఇటువైపే వేలాడుతున్న తాళాన్ని చూసింది, ఆయన్నీ చూసింది. సందులోంచి చుట్టూ తిరిగి గోదాముకు వెళ్లింది.

అప్పటికి ప్రోగ్రామరమ్మాయికి విసుగొచ్చి, ఎవర్నీ అడక్కుండా అవతలికి ఫోను చేసింది. కాసేపట్లో ఆ లైను చేరింది.

"వచ్చింది సార్! లెక్క వచ్చేసింది!"

పెద్దాయన పరుగున వచ్చి, కళ్లజోడు సవరించుకుని చూశాడు. మంచాలు: సున్నా. ఉన్నవన్నీ తమ్ముడు అప్పుడే హోటలుకు అమ్మేశాడు.

ఈసారి బ్రౌజరు దేన్నీ ఆపలేదు.