నాగలికి గొలుసు

పదకొండు రోజులుగా ట్రాక్టర్ మీదే బతుకుతున్న హన్మాండ్లు ఆ రోజు పొద్దున్నే ఒక్కటే అనుకున్నాడు. నడిపయ్య మూడెకరాలు మధ్యాహ్నానికల్లా దున్నేసి, బండిని ఆర్మూరులో యజమాని లక్ష్మీరాజం వాకిట్లో నిలిపి, తన ఊరు ముప్కాల్ పోయి రెండు రోజులు నిద్రపోవాలి. నడుము ఎప్పుడో చేతులెత్తేసింది. ఇంజను ఆపినా చెవుల్లో చప్పుడు మాత్రం ఆగడం లేదు.

మృగశిర కార్తె ఇంకో మూడు రోజుల్లో వస్తుంది. వానకు ముందే దుక్కి పూర్తికాకపోతే ఆ ఏడు పసుపు లేనట్టే. అందుకే నడిపయ్య మనసొప్పకపోయినా ట్రాక్టర్‌కు తలూపాడు. అరవై ఏళ్ల మనిషి. నాగలి మేడి మీద ఆయన చెయ్యి పడితే సాలు దారం పట్టినట్టు పోతుందని చుట్టుపక్కల పేరు. ఆ పేరుగల చేతులు వెనక్కి కట్టుకుని ట్రాక్టర్ వెంట నడవడం ఆయనకు కొత్త.

మొదటి సాలు సగంలోనే అరిచాడు.

"ఆపు! నాగలి రెండు వేళ్లు లేశింది. పని జల్ది ఒడగొడదామని పైపైన గీకుతున్నవా?"

"నేను లేపలే కాకా. నేల గట్టిగ తాకితే అదే లేస్తది, మల్ల అదే దిగుతది."

"అదే లేస్తదా? దానికేమన్న పానమున్నదా?"

ఈ ప్రశ్నకు హన్మాండ్లు తొమ్మిది ఊళ్లలో జవాబు చెప్పి ఉన్నాడు. నిట్టూర్చి కిందికి దిగి, నాగలిని ట్రాక్టర్‌కు కలిపే పై కడ్డీని చూపించాడు.

"గట్టి నేల తాకితే నాగలి గీ కడ్డీని ముందటికి నూకుతది. గా నూకుడు లోపలి నూనెకు తెలుస్తది. నూనె నాగలిని జరంత లేపుతది. గా బరువు ఎనుక చక్రాల మీద పడుతది. చక్రాలు జారకుంట నేలను పట్టుకుంటయ్."

"నూనెకు తెలుస్తదా!" అని నడిపయ్య అతని ముఖంలోకి జాలిగా చూశాడు. నిద్రలేక పిల్లగాడికి మతి చలించిందని ఆయనకు అర్థమైంది.

అయినా నమ్మకం కుదరక మడ్‌గార్డు మీద కూర్చుని డ్రైవర్ చేతులకు కాపలా కాశాడు. చేతులు స్టీరింగ్ మీదే ఉన్నాయి, నాగలి లేచింది. ఇది బరువు చాలని నాగలి అని తేల్చి, వద్దంటున్నా వినకుండా దాని మీదే ఎక్కి కూర్చున్నాడు. నాగలి ఆయనతో సహా లేచింది. దిగింది. మళ్లీ లేచింది.

సద్ది తెచ్చిన ఆయన భార్య లసుమవ్వ గట్టు మీదే నిలబడిపోయింది.

"ఏందయ్యా, జాతరల రంగులరాట్నం ఎక్కినట్టు ఊగుతున్నవ్? దున్నుతున్నరా, ఆడుతున్నరా?"

ఆ మాట నడిపయ్యకు ఎక్కడో తగిలింది. హన్మాండ్లు రెండు ముద్దలు తిని వేపచెట్టు నీడలో కునుకు తీయగానే, ఆయన ఎడ్ల గొలుసు తెచ్చి, నాగలిని పైకెత్తే ట్రాక్టర్ ఇనుప చేతులు రెంటినీ బండి కింది ఇనుప పట్టీకి బిగించి కట్టాడు. ఇక ఎట్లా లేస్తుందో చూద్దామనుకున్నాడు.

హన్మాండ్లు సగం నిద్రలోనే బండెక్కాడు. చేను నడుమ ఎండకు రాయిలా బిగిసిన చోటికి రాగానే నాగలి లేవలేదు. చక్రాలు ఉన్నచోటనే తిరిగాయి. నిద్రమత్తు వదిలేలోపే బండి ఇరుసు దాకా దిగబడింది.

సైకిల్ మీద ఆర్మూరు పోతున్న భోజన్న దూరం నుంచి చూసి, పసుపు మార్కెట్లో ఉన్న మాటే చెప్పాడు. "నడిపయ్య చేన్ల ట్రాక్టర్ దిగవడ్డది." ఆ మాట కాంటాల దగ్గరికి చేరేసరికి ట్రాక్టర్ భూమిలోకి పోయింది. లక్ష్మీరాజం చెవిన పడేసరికి దాని కింద నడిపయ్య ఉన్నాడు. గంట తిరక్కుండా లక్ష్మీరాజంతో సహా గడ్డపారలతో నలభై మంది వచ్చారు. అందరికంటే ముందు ఆర్మూరులో ఉండే నడిపయ్య చెల్లెలు ముత్తెమ్మ రొమ్ము బాదుకుంటూ పరుగెత్తుకొచ్చింది.

నడిపయ్య ఎదురెళ్లాడు. "ఏందే ముత్తెమ్మా, ఎవరు పోయిండ్రే?"

"మా అన్న పోయిండు!" అని ఆయన భుజం మీదే తల పెట్టి ఏడ్చింది. పోయిన అన్న ఎవరా అని ఆయనా కళ్లు తుడుచుకోబోయాడు. అప్పుడు ఆమె తలెత్తి చూసి, ఒక్కటి చరిచింది.

ఈ లోపల మట్టి తవ్వుతున్న హన్మాండ్లుకు గొలుసు కనిపించింది. అరవడానికి ఓపిక లేదు. అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు.

"కాకా, నీ నాగలికి గట్టి నేల తాకితే ఏం జేస్తవ్?"

"ఏం జేస్త? మేడి జరంత లేపుత. దాటినంక మల్ల ఒత్తుత."

"లేపకుంటె?"

"ఎడ్లు మోకాళ్ల మీద పడ్తయ్. గది తెల్వనోడు నాగలెందుకు పట్టాలె..."

నడిపయ్య తల తిప్పాడు. గొలుసు వైపు చూశాడు. తన అరచేతుల వైపు చూశాడు. నలభై ఏళ్లు ఈ చేతులు తెలుసుకున్నది ఆ ఇనుముకు ఎవరు చెప్పారో ఆయనకు అర్థం కాలేదు. ఎవరినీ రానివ్వకుండా తానే వంగి గొలుసు విప్పాడు.

వచ్చినవాళ్లంతా మట్టి తీసి, చక్రాల కింద కొమ్మలు వేసి, బండిని పైకి నెట్టారు. హన్మాండ్లు అదే గట్టి చోటును మళ్లీ దున్నాడు. నాగలి లేచింది, దిగింది, దాటిపోయింది. నలభై మందీ ఊపిరి బిగబట్టి వెంట నడిచారు. చావు చూడటానికి వచ్చినవాళ్లు లక్ష్మీరాజాన్ని చుట్టుముట్టారు. మా చేను ఎప్పుడంటే మా చేను ఎప్పుడని. ఆయన ఎవరికీ కాదనలేదు. హన్మాండ్లును మాత్రం ఎవరూ అడగలేదు.

మర్నాడు పొద్దున పక్క చేనిలో కళ్లు మూతలు పడుతున్న హన్మాండ్లు పక్కన, మడ్‌గార్డు మీద నడిపయ్య ఎక్కి కూర్చున్నాడు.

"జర పైలం బిడ్డా. నాగలి లేస్తదిప్పుడు, బెదరకు. నూనెకు తెలుస్తది."